ఖాళీ గొట్టం, కొత్త కన్ను: తక్కువ ఖర్చులో మ్యాక్రో ఫొటోగ్రఫీ ఎలా సాధ్యం?

2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో మొక్కజొన్న చేలపై ఒక కొత్త పురుగు కనిపించింది. అమెరికా ఖండాలకు చెందిన ఈ పురుగు 2016లో ఆఫ్రికాలో అడుగుపెట్టింది. రెండేళ్లకు భారత్‌కు వచ్చింది. ఆ ఏడాది చివరికి బంగ్లాదేశ్, శ్రీలంకలకు, మరుసటి ఏడాది నేపాల్, పాకిస్తాన్‌లకు పాకింది. తెలుగు రైతులు ఇప్పుడు దీన్ని కత్తెర పురుగు అంటున్నారు.

చూడటానికి ఇది మన చేలల్లో ఎప్పటి నుంచో ఉన్న పొగాకు లద్దె పురుగులాగే ఉంటుంది. రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. తేడా తెలియాలంటే రెండు గుర్తులు చూడాలి. ఒకటి, తల మీద తిరగేసిన ఇంగ్లిష్ 'వై' అక్షరంలాంటి లేత రంగు గీత. రెండు, తోక దగ్గర ఎనిమిదో ఉదర ఖండం మీద చతురస్రం మూలల్లా పేర్చినట్లుండే నాలుగు నల్ల చుక్కలు. బాగా ఎదిగిన పురుగుకు కూడా తల వెడల్పు 3 మిల్లీమీటర్ల లోపే. మొదటి దశల్లో అయితే అది ఆవగింజలో సగం కూడా ఉండదు.

ఆ గుర్తులు స్పష్టంగా కనిపించేలా ఫొటో తీయాలంటే ఏం కావాలి? ఫొటోగ్రఫీ దుకాణంలో అడిగితే వచ్చే మొదటి జవాబు 'మ్యాక్రో లెన్స్'. పేరున్న కంపెనీల మ్యాక్రో లెన్సుల ధరలు పదుల వేల రూపాయల్లో ఉంటాయి. వ్యవసాయ కళాశాల విద్యార్థికో, ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడికో, పెరట్లో సీతాకోకచిలుకలను చూసి సంతోషించే ఉద్యోగికో అంత ఖర్చు తేలిక కాదు. కానీ కెమెరా, ఒక మామూలు లెన్స్ ఇప్పటికే చేతిలో ఉన్నవారికి మరో దారి ఉంది. దాని ధర కొన్ని వందల రూపాయల నుంచి కొన్ని వేల వరకు మాత్రమే. పేరు ఎక్స్‌టెన్షన్ ట్యూబ్. అందులో గాజు ఉండదు. అదొక ఖాళీ గొట్టం.

అసలు ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ అంటే ఏమిటి?

కెమెరాకు, లెన్స్‌కు మధ్య బిగించే లోహపు లేదా ప్లాస్టిక్ గొట్టమే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్. ఒక చివర కెమెరాకు, రెండో చివర లెన్స్‌కు సరిపోయే మరలు ఉంటాయి. మధ్యలో గాలి తప్ప ఏమీ లేదు. లెన్స్‌ను సెన్సర్ నుంచి కాస్త దూరం జరపడమే అది చేసే పని.

అంత మాత్రాన పురుగు పెద్దదిగా ఎలా కనిపిస్తుంది? పదో తరగతి భౌతికశాస్త్రంలో కుంభాకార కటకంతో చేసిన ప్రయోగాన్ని గుర్తు చేసుకుంటే చాలు. కొవ్వొత్తిని కటకానికి దగ్గరగా జరిపేకొద్దీ, ప్రతిబింబం స్పష్టంగా పడాలంటే తెరను వెనక్కి జరపాల్సి వస్తుంది. తెర వెనక్కి వెళ్లేకొద్దీ ప్రతిబింబం పెద్దదవుతుంది. కెమెరాలో తెర అంటే సెన్సర్. దాన్ని వెనక్కి జరపలేం కాబట్టి లెన్స్‌ను ముందుకు జరుపుతున్నాం.

మామూలు లెన్సుల్లో ఫోకస్ రింగు తిప్పినప్పుడు జరిగేదీ ఇదే. కానీ తయారీదారులు ఆ కదలికకు ఒక హద్దు పెడతారు. అందుకే 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో సుమారు 35 నుంచి 45 సెంటీమీటర్ల కంటే దగ్గరికి వెళ్తే ఫోకస్ కుదరదు. ట్యూబ్ ఆ హద్దును చెరిపేస్తుంది. అయితే దీనికి ఒక మూల్యం ఉంది. ట్యూబ్ బిగించి ఉన్నంతసేపు దూరపు దృశ్యాలు ఫోకస్ కావు. కొండను తీయాలంటే గొట్టాన్ని విప్పాల్సిందే.

ఎంత పెద్దగా కనిపిస్తుంది?

మ్యాక్రో ఫొటోగ్రఫీలో అన్నిటికన్నా ముఖ్యమైన సంఖ్య మాగ్నిఫికేషన్, అంటే ఆవర్ధనం. పురుగు అసలు పొడవుకు, సెన్సర్‌పై పడే దాని ప్రతిబింబం పొడవుకు ఉన్న నిష్పత్తి ఇది. 10 మిల్లీమీటర్ల ఈగ సెన్సర్‌పై కూడా 10 మిల్లీమీటర్లు ఉంటే అది 1:1. నిజమైన మ్యాక్రో అనడానికి సంప్రదాయంగా దీన్నే కొలమానంగా తీసుకుంటారు.

ట్యూబ్ ఇచ్చే అదనపు మాగ్నిఫికేషన్ లెక్క చాలా తేలిక. ట్యూబ్ పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. వచ్చినదాన్ని లెన్స్‌కు సొంతంగా ఉన్న మాగ్నిఫికేషన్‌కు కలపాలి. ఫోకస్ చేసేటప్పుడు లోపలి గాజు పలకలను మాత్రమే జరిపే ఆధునిక లెన్సుల్లో ఈ లెక్క కొద్దిగా అటూఇటూ అవుతుంది. అయినా కొనేముందు అంచనా వేసుకోవడానికి ఇది సరిపోతుంది.

మార్కెట్లో ఎక్కువగా దొరికేవి మూడు గొట్టాల సెట్లు. 12, 20, 36 మిల్లీమీటర్ల సెట్ ఒక రకం. 13, 21, 31 మిల్లీమీటర్లది మరో రకం. మిర్రర్‌లెస్ కెమెరాలకు 10, 16 మిల్లీమీటర్ల జంటలు వస్తున్నాయి. వీటిని విడివిడిగా గానీ, ఒకదానికొకటి కలిపి గానీ వాడుకోవచ్చు.

0.2 వరకు సొంత మాగ్నిఫికేషన్ ఉన్న 50 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దానికి 12 మిల్లీమీటర్ల ట్యూబ్ పెడితే 0.44 వస్తుంది. 20 మిల్లీమీటర్లదైతే 0.6. 36 మిల్లీమీటర్లదైతే 0.92, అంటే దాదాపు 1:1. మూడూ కలిపి 68 మిల్లీమీటర్లు బిగిస్తే 1.56. అంటే పురుగు సెన్సర్‌పై దాని అసలు సైజు కంటే ఒకటిన్నర రెట్లు పెద్దగా పడుతుంది. మ్యాక్రో లెన్సులు చాలావరకు 1:1 దగ్గరే ఆగిపోతాయన్నది ఇక్కడ గమనించాలి.

కత్తెర పురుగు తల విషయంలో దీని అర్థం ఏమిటి? ఏపీఎస్-సీ రకం సెన్సర్ వెడల్పు సుమారు 24 మిల్లీమీటర్లు. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఆ వెడల్పులో 6,000 పిక్సెళ్లు ఉంటాయి. అంటే మిల్లీమీటరుకు 250. ట్యూబ్ లేకుండా 0.2 మాగ్నిఫికేషన్‌తో తీస్తే 3 మిల్లీమీటర్ల తల 150 పిక్సెళ్లలో ఇరుక్కుంటుంది. 1:1లో అదే తల 750 పిక్సెళ్లు పరుచుకుంటుంది. మొదటి ఫొటోలో గీత ఉందేమో అనిపిస్తుంది. రెండో ఫొటోలో గీత ఉందో లేదో తెలిసిపోతుంది.

ఏ లెన్స్‌కు ఏ గొట్టం?

పై లెక్కలోనే జవాబు ఉంది. ఫోకల్ లెంగ్త్ తక్కువైతే ట్యూబ్ ప్రభావం ఎక్కువ. అలాగని 18 లేదా 24 మిల్లీమీటర్ల వైడ్ లెన్స్‌కు 36 మిల్లీమీటర్ల ట్యూబ్ తగిలిస్తే పని జరగదు. ఫోకస్ కుదిరే చోటు లెన్స్ ముందు గాజుకు అంటుకున్నట్లుగానో, ఒక్కోసారి లెన్స్ లోపలో పడుతుంది. అక్కడ పురుగును పెట్టలేం.

50 నుంచి 100 మిల్లీమీటర్ల లెన్సులు ట్యూబులకు బాగా నప్పుతాయి. ఎఫ్/1.8 రకం 50 మిల్లీమీటర్ల లెన్స్ చాలామంది దగ్గర ముందే ఉంటుంది. పాత ఫిల్మ్ కెమెరాల 50 మిల్లీమీటర్ల మాన్యువల్ లెన్సులు సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరుకుతాయి. వీటికి ఎపర్చర్ తిప్పే రింగు లెన్స్ మీదే ఉంటుంది కాబట్టి చవక ట్యూబులకు ఇవే మంచి జోడీ.

200, 300 మిల్లీమీటర్ల జూమ్ లెన్సులకు ట్యూబ్ పెడితే మాగ్నిఫికేషన్ పెద్దగా పెరగదు. 300 మిల్లీమీటర్ల దగ్గర 36 మిల్లీమీటర్ల ట్యూబ్ ఇచ్చే అదనం 0.12 మాత్రమే. కానీ ఇక్కడ లాభం వేరే. లెన్స్ సొంతంగా 0.25 ఇస్తే, ట్యూబ్‌తో కలిపి 0.37 అవుతుంది. అప్పుడు ఫ్రేమ్ వెడల్పులో సుమారు 65 మిల్లీమీటర్ల దృశ్యం పడుతుంది. రెక్కలు విప్పిన సీతాకోకచిలుకకో, తూనీగకో ఇది కచ్చితంగా సరిపోయే కొలత. పైగా అవి బెదిరిపోనంత దూరంలో ఉండి తీయవచ్చు.

ఏం కోల్పోతాం?

ట్యూబ్‌లో గాజు లేదు కాబట్టి చిత్రం నాణ్యతను నేరుగా అది చెడగొట్టదు. కానీ లెన్స్‌ను ముందుకు జరపడం వల్ల మూడు ఇబ్బందులు వస్తాయి. కొన్నవారిలో చాలామంది నాలుగు రోజులకే గొట్టాలను అటక మీద పడేయడానికి ఈ మూడే కారణం.

మొదటిది వెలుతురు. లెన్స్ దూరమయ్యేకొద్దీ అదే కాంతి ఎక్కువ విస్తీర్ణంలో పరుచుకుని పలచబడుతుంది. మాగ్నిఫికేషన్‌కు ఒకటి కలిపి వర్గం చేస్తే కాంతి ఎన్నో వంతుకు తగ్గుతుందో తెలుస్తుంది. 1:1 దగ్గర ఇది నాలుగో వంతు. 1.56 దగ్గర ఆరో వంతు కంటే కూడా తక్కువ. కెమెరా లోపలి మీటరు దీన్ని తనంతట తానే లెక్కలోకి తీసుకుంటుంది. అందుకోసం షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఫొటో కదిలిపోయేది అక్కడే.

రెండోది డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే స్పష్టంగా కనిపించే మేర. ఏపీఎస్-సీ కెమెరాలో 1:1 దగ్గర ఎఫ్/8తో తీస్తే స్పష్టంగా కనిపించే మందం సుమారు 0.6 మిల్లీమీటర్లు. ఎఫ్/11తో 0.9 మిల్లీమీటర్లు. ఈగ కంటిపై ఫోకస్ కుదిరితే మీసాలు మసకబారతాయి. మాగ్నిఫికేషన్‌ను సగానికి తగ్గిస్తే, ఎఫ్/8 దగ్గరే ఈ మందం దాదాపు 2 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. అందుకే కొత్తవారు మూడు గొట్టాలూ ఒకేసారి బిగించకుండా చిన్న గొట్టంతో మొదలుపెట్టడం మేలు.

మందం పెంచాలని ఎఫ్/22 పెట్టేస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. 1:1 దగ్గర ఎఫ్/11 అని పెట్టినా కాంతి దృష్ట్యా అది ఎఫ్/22లా పనిచేస్తుంది. రంధ్రం మరీ చిన్నదైతే కాంతి వివర్తనం చెంది చిత్రమంతా మెత్తబడుతుంది. ఎఫ్/8, ఎఫ్/11 మధ్య ఉండటం చాలా సందర్భాల్లో మంచి రాజీ.

మూడోది దూరం. 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో 1:1 తీయాలంటే పురుగు లెన్స్ ముందు గాజుకు 10 సెంటీమీటర్ల లోపే ఉండాలి. కెమెరా నీడ పడుతుంది. పురుగు పారిపోతుంది. 100 మిల్లీమీటర్ల మ్యాక్రో లెన్స్‌కు ఉన్న అసలైన సౌకర్యం ఇక్కడే తెలుస్తుంది. కాస్త దూరం నుంచి అదే సైజు తీయగలగడానికే ఆ డబ్బు.

చవక గొట్టాల్లో ఏది చవక, ఏది దండగ?

ట్యూబులు రెండు రకాలు. ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉన్నవి, లేనివి. కాంటాక్టులు ఉన్నవాటిలో చిన్న బంగారు రంగు పిన్నుల ద్వారా కెమెరా, లెన్స్ మాట్లాడుకుంటాయి. ఎపర్చర్ మార్చవచ్చు. ఆటోఫోకస్ కూడా కొంతవరకు పనిచేస్తుంది. వీటి ధర వేలల్లో ఉంటుంది.

కాంటాక్టులు లేనివి కొన్ని వందలకే దొరుకుతాయి. వీటితో వచ్చే చిక్కును దుకాణదారులు చాలాసార్లు చెప్పరు. లెన్స్‌కు కెమెరాతో సంబంధం తెగిపోతుంది కాబట్టి, ఎలక్ట్రానిక్ ఎపర్చర్ ఉన్న లెన్స్ పూర్తిగా తెరుచుకునే ఉండిపోతుంది. ఎఫ్/1.8 దగ్గర 1:1 తీస్తే స్పష్టమైన మందం వెంట్రుకంత ఉంటుంది. కొన్ని కొత్త లెన్సుల్లో ఫోకస్ రింగు కూడా విద్యుత్తుతోనే పనిచేస్తుంది. వాటిలో రింగు తిప్పినా ఏమీ కదలదు. కెమెరానే ముందుకూ వెనక్కూ జరపాలి.

కెనాన్ ఈఎఫ్ లెన్సులు వాడేవారికి ఒక ఉపాయం ఉంది. ముందుగా లెన్స్‌ను నేరుగా కెమెరాకు బిగించి ఎఫ్/8 పెట్టాలి. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ మీటను నొక్కి పట్టుకుని, అలాగే లెన్స్‌ను విప్పాలి. ఎపర్చర్ ఎఫ్/8 దగ్గరే నిలిచిపోతుంది. తర్వాత ట్యూబ్‌తో కలిపి బిగించుకోవచ్చు. దుమ్ములేని చోట, జాగ్రత్తగా చేయాల్సిన పని ఇది. ఎపర్చర్ మార్చాలనుకున్న ప్రతిసారీ ఇదంతా మళ్లీ చేయాలి.

మిర్రర్‌లెస్ కెమెరాల్లో కాంటాక్టులు లేని ట్యూబ్ పెడితే లెన్స్ లేదని భావించి కెమెరా ఫొటో తీయడానికి నిరాకరించవచ్చు. మెనూలో 'లెన్స్ లేకుండా షట్టర్ విడుదల' అనే ఎంపికను ఆన్ చేస్తే ఆ సమస్య తీరుతుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి ఇంకా రెండున్నాయి. ఒకటి, మౌంటు. ప్లాస్టిక్ మౌంటు ఉన్న ట్యూబ్‌కు బరువైన జూమ్ లెన్స్ వేలాడదీస్తే ఆ బరువుకు వంగే ప్రమాదం ఉంది. తేలికపాటి 50 మిల్లీమీటర్ల లెన్స్‌కైతే ఫరవాలేదు. రెండోది, గొట్టం లోపలి రంగు. లోపల మెరిసే ఉపరితలం ఉంటే కాంతి గోడలకు తగిలి చెదిరి, ఫొటో మధ్యలో తెల్లటి పొగలా కనిపిస్తుంది. మెరుపులేని నల్లరంగు ఉండాలి.

వేరే చవక మార్గాలు లేవా అంటే ఉన్నాయి. లెన్స్‌ను తిరగేసి బిగించే రివర్స్ రింగు మరీ చవక. కానీ లెన్స్ వెనుక గాజు బయట దుమ్ముకు తెరిచి ఉంటుంది. లెన్స్ ముందు బిగించే క్లోజప్ ఫిల్టర్లు జూమ్ లెన్సులకు బాగా పనిచేస్తాయి, కాంతి కూడా తగ్గదు. అయితే ఒకే గాజు పలకతో చేసిన చవక ఫిల్టర్లలో అంచులు మసకబారి, రంగులు విడిపోతాయి. మొబైల్ ఫోన్లకు ట్యూబులు పెట్టలేం. వాటికి క్లిప్ లెన్సులే దారి. 50 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్నవారికి ట్యూబ్, జూమ్ మాత్రమే ఉన్నవారికి మంచి క్లోజప్ ఫిల్టర్. స్థూలంగా లెక్క ఇదీ.

పోయిన వెలుతురును ఎలా తెచ్చుకోవాలి?

మ్యాక్రోలో డబ్బు ఖర్చు పెట్టాలంటే మొదట పెట్టాల్సింది ఫ్లాష్ మీద. ఫ్లాష్ వెలుగు సెకనులో వెయ్యో వంతు లేదా అంతకంటే తక్కువ కాలం మాత్రమే ఉంటుంది. ఆకు కదిలినా, చేయి వణికినా ఆ క్షణం గడ్డకట్టినట్లు నిలిచిపోతుంది. షట్టర్ సెకనులో 200వ వంతు, ఎఫ్/8 లేదా ఎఫ్/11, ఐఎస్‌ఓ 200 నుంచి 400. ఈ అమరికతో మొదలుపెట్టి ఫ్లాష్ బలాన్ని మార్చుకుంటూ పోతే సరిపోతుంది.

కానీ ఫ్లాష్ వెలుగు నేరుగా పడితే పురుగు పెంకు మీద తెల్లటి మచ్చలు పడతాయి. రంగు, గీతలు ఆ మెరుపులో కొట్టుకుపోతాయి. వెలుగును మెత్తబరచడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. పలుచటి తెల్ల థర్మోకోల్ షీటు, ట్రేసింగ్ పేపరు, లోపల వెండి రంగు ఉన్న చిప్స్ డబ్బా ఇవే చాలామంది వాడేవి. డబ్బాను ఫ్లాష్‌కు తొడిగి, రెండో చివర తెల్ల కాగితం అంటించి, దాన్ని లెన్స్ కొన మీదుగా పురుగు పైకి వంగేలా కట్టుకుంటే చాలు. కాగితం ఎంత పెద్దగా, పురుగుకు ఎంత దగ్గరగా ఉంటే వెలుగు అంత మృదువుగా పడుతుంది.

ఆటోఫోకస్ ఇక్కడ సాయం కంటే అడ్డంకే ఎక్కువ. ముందుగా మాగ్నిఫికేషన్ ఎంతో నిర్ణయించుకుని ఫోకస్ రింగును కదపకుండా ఉంచాలి. శరీరాన్ని కొద్దికొద్దిగా ముందుకు వంచుతూ, కన్ను స్పష్టంగా కనిపించిన క్షణాన షట్టర్ నొక్కాలి. ఎడమ చేత్తో కొమ్మను పట్టుకుని, ఆ చేతి మీదే లెన్స్‌ను ఆనిస్తే కెమెరా, పురుగు ఒకేలా కదులుతాయి. గాలి ఉన్నప్పుడు ఇంతకంటే మంచి ట్రైపాడ్ లేదు. పది తీస్తే ఒకటి కుదరడం మామూలే.

పురుగు కదలకుండా ఉంటే ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ అనేక ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో స్పష్టమైన భాగాలను కలపవచ్చు. దీన్ని ఫోకస్ స్టాకింగ్ అంటారు. ఇందుకు ఉచిత సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి.

ఎప్పుడు, ఎక్కడ వెతకాలి?

కీటకాల శరీర ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న గాలిని బట్టి మారుతుంది. అందుకే తెల్లవారుజామున చల్లదనానికి అవి మందకొడిగా ఉంటాయి. ఎండ ఎక్కాక పట్టుకోలేం. మంచు బిందువులతో తడిసిన తూనీగ కూడా సూర్యోదయానికి ముందు కదలకుండా కూర్చుంటుంది. కాలాల్లో వానాకాలానికి సాటి లేదు.

తెలుగు నేలలో వానాకాలం మొదటి అతిథి ఆరుద్ర పురుగు. జూన్ నాలుగో వారంలో ఆరుద్ర కార్తె మొదలయ్యే వేళకు, తొలకరి పడ్డ చెలకల్లో ఎర్రటి మఖమల్ ముద్దలా తిరిగే ఈ జీవిని చూడని పల్లె పిల్లలు తక్కువ. సుమారు సెంటీమీటరు పొడవుండే దీనికి 12 లేదా 20 మిల్లీమీటర్ల ట్యూబ్ చాలు. దగ్గరగా తీసిన ఫొటోలో కాళ్లు లెక్కపెడితే ఎనిమిది తేలతాయి. అంటే అది పురుగు అని పిలిపించుకుంటున్నా కీటకం కాదు, సాలెపురుగుల బంధువు. దాని పిల్ల దశలో మాత్రం ఆరు కాళ్లే ఉంటాయి. అప్పుడది ఇతర కీటకాలకు పట్టుకుని పరాన్నజీవిగా బతుకుతుంది.

మామిడి చెట్టు దగ్గర మరో పరీక్ష పెట్టవచ్చు. ఆకులను కలిపి కుట్టి గూళ్లు కట్టే ఎర్ర చీమల మధ్య అచ్చం అలాగే ఉండే ఒక సాలీడు తిరుగుతుంటుంది. ముందు కాళ్లను పైకెత్తి చీమ మీసాల్లా ఆడిస్తుంది. మామూలు కంటికి అది చీమే. 1:1 ఫొటోలో మాత్రం తల ముందు హెడ్‌లైట్లలా మెరిసే పెద్ద కళ్లు, ఎనిమిది కాళ్లు బయటపడతాయి.

పొదల్లో మోకరిల్లే ముందు నేలను చూసుకోవాలి. వానాకాలంలో ఆ పొదల్లోకి పురుగుల కోసం కప్పలు, కప్పల కోసం పాములు వస్తాయి. బొచ్చు గొంగళి పురుగులను చేత్తో తాకితే దద్దుర్లు వస్తాయి. పూర్తి చేతుల చొక్కా, బూట్లు కెమెరా అంత అవసరం.

ఫొటో ఎప్పుడు ఆధారం అవుతుంది?

దేశంలోని జంతుజాలం జాబితాను భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ 2024లో విడుదల చేసింది. అందులో 1,04,561 జాతులున్నాయి. వాటిలో అత్యధికం కీటకాలే. అవి ఏ జిల్లాలో, ఏ నెలలో కనిపిస్తాయన్న సమాచారం చాలావాటికి అరకొరగానే ఉంది. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్, ఐనాచురలిస్ట్‌లాంటి వేదికల్లో పౌరులు పెట్టే ఫొటోలు ఈ ఖాళీని కొంత పూరిస్తున్నాయి. అక్కడ తేదీ, స్థలం, స్పష్టమైన చిత్రం ఉంటే చాలు, నిపుణులు పేరు సూచిస్తారు.

అయితే అందమైన ఫొటో, పనికొచ్చే ఫొటో ఒకటే కాదు. ముఖం మాత్రమే నిండిన చిత్రం గోడకు బాగుంటుంది. గుర్తింపునకు వీపు, పక్క, ముఖం మూడూ కావాలి. సాలీళ్లలో కళ్ల అమరిక కుటుంబాన్ని చెబుతుంది. మగ తూనీగల్లో తోక చివరి భాగాల ఆకారం చూడాలి. గొంగళి పురుగైతే అది తింటున్న మొక్క ఫొటో కూడా తీయాలి.

కొలత కోసం ఒక చిన్న పద్ధతి ఉంది. ట్యూబ్ బిగించి, ఫోకస్ రింగును అనంతం గుర్తు దగ్గర ఉంచి, ఒక స్టీలు స్కేలును ఒక్కసారి ఫొటో తీసి పెట్టుకోవాలి. ఆ తర్వాత అదే అమరికతో తీసిన ఏ ఫొటోలోనైనా పురుగు ఎన్ని మిల్లీమీటర్లో లెక్క కట్టవచ్చు. పురుగు పక్కన స్కేలు పెట్టే పని లేదు.

హద్దులు కూడా తెలిసి ఉండాలి. 2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిర్చి రైతులను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. ట్యూబులతో తీసిన ఫొటోలో అది పూలలో గుంపుగా ఉన్నట్లు తెలుస్తుంది. కానీ అది అంతకుముందు నుంచీ ఉన్న తామర పురుగా, కొత్త జాతా అని తేల్చడానికి నమూనాను గాజు పలకపై అమర్చి సూక్ష్మదర్శినిలో చూడాలి. ఫొటో అనుమానాన్ని లేవనెత్తుతుంది. తీర్పు ప్రయోగశాలది. అనుమానం తొందరగా తలెత్తితే మందు పిచికారీ నిర్ణయమూ తొందరగా, సరిగ్గా జరిగే అవకాశం ఉంటుంది. మ్యాక్రో ఫొటోను వ్యవసాయ అధికారికి పంపడం వల్ల కలిగే ప్రయోజనం ఇదే.

దగ్గరికి వెళ్లడం ఎంతవరకు?

లెన్స్ పది సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లాల్సి రావడం సాంకేతిక సమస్య మాత్రమే కాదు, నైతిక సమస్య కూడా. కదలకుండా ఉండాలని పురుగులను ఫ్రిజ్‌లో పెట్టి తీయడం, జిగురుతో అంటించి 'పోజు' ఇప్పించడం వంటి పద్ధతులు మ్యాక్రో ఫొటోగ్రఫీకి మచ్చ తెచ్చాయి. ఇంకా నష్టం చేసేవి ఉన్నాయి. కుట్టిన ఆకును విప్పడం, గుడ్లు కాస్తున్న సాలీడును కదిలించడం, ప్యూపాను కొమ్మతో సహా తెంపడం. ఫొటో ముగిశాక ఆ జీవి అక్కడే, అలాగే మిగలాలి.

అరుదైన జీవుల విషయంలో ప్రమాదం మరో రకం. అనంతపురం జిల్లా గుత్తిలో రైల్వే కలప డిపోలో దొరికిన నమూనా ఆధారంగా 1899లో బ్రిటిష్ శాస్త్రవేత్త పోకాక్ ఒక నీలిరంగు సాలీడును వర్ణించారు. ఆ తర్వాత శతాబ్దం పాటు అది శాస్త్రవేత్తల కంట పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో మళ్లీ కనిపించింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దీన్ని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించింది. అడవి నరికివేతతో పాటు, విదేశాల్లో సాలీళ్లను పెంచుకునేవారి మోజు కూడా దీనికి ముప్పు. ఇలాంటి జీవి ఫొటోకు కచ్చితమైన స్థలం జోడించి సామాజిక మాధ్యమాల్లో పెడితే, అది వేటగాడికి ఇచ్చిన చిరునామా అవుతుంది. ఐనాచురలిస్ట్ ప్రమాదంలో ఉన్న జాతుల స్థలాన్ని తనంతట తానే దాచిపెడుతుంది. మిగతా చోట్ల ఆ బాధ్యత ఫొటో తీసినవారిదే. అభయారణ్యాల్లోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ఎలాగూ తప్పనిసరి.

అయితే మొదలుపెట్టడానికి అడవికి వెళ్లాల్సిన పనేమీ లేదు. కరివేపాకు చెట్టు మీద పక్షి రెట్టలా కనిపించే సీతాకోకచిలుక గొంగళి పురుగు, వంటింటి కిటికీ మీద గంతులేసే సాలీడు, వీధి దీపం కింద గోడకు అతుక్కున్న రాత్రి చిమ్మటలు చాలు. 50 మిల్లీమీటర్ల లెన్స్, ఒక 20 మిల్లీమీటర్ల గొట్టం, తెల్ల కాగితం కట్టిన ఫ్లాష్ ఉంటే పని మొదలైనట్లే. మూడు నెలల తర్వాత కూడా ఉత్సాహం తగ్గకపోతే, అప్పుడు మ్యాక్రో లెన్స్ ధర అడగవచ్చు. ఈలోగా మొక్కజొన్న సుడిలో ఒక గొంగళి పురుగు కనిపిస్తే దాని తల మీద గీతను, తోక దగ్గర చుక్కలను ఫొటో తీయడానికి ఆ గొట్టమే సరిపోతుంది.